సమస్యాపూరణం: “పాట పాడ శత్రుబలము గూలె”

నిర్వాహకుడు:

మిత్రులకు నమస్కారం. ఈ వారం సమస్య ఆటవెలది నాలుగవ పాదం.

పాట పాడ శత్రుబలము గూలె

ఇందులో అయిదూ సూర్యగణాలే. “పా”కు “బ”తో యతి చెల్లింది. ఈసారి వస్తువును కూడా నిర్ణయించి ఇస్తున్నాను. పూరణ హెబ్రీ లేఖనాలలోని, అంటే తెలుగువారు పాత నిబంధనగా ఎరిగిన గ్రంథాలలోని, ఏదో ఒక గాన సందర్భానికి చెందాలి. ఆ గ్రంథాలలో పాట యుద్ధరంగంలోనూ దేవాలయంలోనూ చెరలోనూ వినిపిస్తుంది; పనివాళ్ళ నోటా ప్రవక్తల నోటా పలుకుతుంది. పాటకు సైన్యం కూలడమేమిటన్న అసంగతిని విప్పడం కవి పని. అలా విప్పేటప్పుడు మూలకథకు భంగం కలగకూడదు. ఛందస్సు ఎంత ముఖ్యమో కథ చెప్పిన తీరూ అంతే ముఖ్యమని ముందుగానే మనవి చేస్తున్నాను.

ఏటిగట్టు:

నమస్కారం గురువుగారూ. నా పూరణ చిత్తగించండి.

కొమ్ము లూది ప్రజలు గోటచుట్టును దిర్గి
యేడు నాళ్ళు నడచి యేడవ దిన
మందుఁ గేకవేయ మహిఁ ద్రెళ్ళె గోడలు
పాట పాడ శత్రుబలము గూలె

నిర్వాహకుడు:

ఏటిగట్టు గారూ, నడక బాగుంది. “దినమందు” రెండు పాదాల మీదుగా సాగినా ఎక్కడా తొట్రుపాటు లేదు. “త్రెళ్ళె” అన్న మంచి మాటను వెలికి తీశారు. చిక్కంతా కథతోనే వచ్చింది. యెహోషువ గ్రంథం 6వ అధ్యాయంలో యెరికో గోడలు కూలిన ఘట్టంలో పాట లేదు. పొట్టేలు కొమ్ములు ఊదినవారు ఏడుగురు యాజకులు, ప్రజలు కారు. ప్రజలకైతే తాను చెప్పే దినం వరకు నోట మాటైనా రానీయవద్దని యెహోషువ గట్టిగా ఆజ్ఞాపించాడు. ఏడవ నాడు ఏడుసార్లు తిరిగిన తరువాత వారు వేసినది కేక. కేకకూ పాటకూ ఆ గ్రంథాలలో తేడా స్పష్టంగా ఉంది. పాటకు మాటలుంటాయి, ఆ మాటలలో జరిగిన మేలు ఫలానా అని చెప్పడం ఉంటుంది. మీ పద్యంలో మూడవ పాదం కేక అంటుండగా నాలుగవ పాదం పాట అంటోంది. రెంటినీ కలిపే మాట మధ్యలో లేదు.

ఏటిగట్టు:

ధన్యవాదాలండి. కొమ్ము ఊదడం కూడా ఆలయారాధనలో భాగమే కదా, కీర్తనల గ్రంథంలో చివరిదైన 150వ కీర్తన బూరధ్వనితో స్తుతించమంటుంది కదా అన్న ఆలోచనతో రాశాను.

నిర్వాహకుడు:

ఆ ఆధారం ఆలయానికి చెల్లుతుంది గాని యెరికోకు చెల్లదు. అయినా ఆ కీర్తనను ప్రస్తావించినందుకు సంతోషం. బూర, స్వరమండలం, సితారా, తంబుర అని వాద్యాలన్నిటినీ వరుసగా పిలిచి, చివరకు ఊపిరి ఉన్న ప్రతి ప్రాణినీ పిలుస్తుంది.

తెల్లకలువ:

గురువుగారికి నమస్సులు. ప్రశ్నోత్తర రూపంలో ప్రయత్నించాను.

కడలి దాటినంతఁ గదలె మిర్యా మేల
వాద్య మంది, వెంట వనిత లరుగ?
రథము లేమి యయ్యె రాకాసి యలలలో?
పాట పాడ. శత్రుబలము గూలె.

నిర్వాహకుడు:

తెల్లకలువ గారూ, సమస్యను రెండుగా విరిచి, రెండు ప్రశ్నలకు రెండు సమాధానాలుగా అమర్చిన నేర్పు అవధాన సభలో చప్పట్లు కొట్టించేది. మోషే అక్క మిర్యాము ఎందుకు కదిలిందంటే పాట పాడడానికి. రథాలేమయ్యాయంటే శత్రుబలం కూలింది. ఇందువల్ల ఛందస్సుకు మించిన లాభం కూడా ఒకటి కలిగింది. నిర్గమకాండం 15వ అధ్యాయంలో పాట విజయానికి కారణం కాదు, విజయం తరువాత వచ్చింది. ఐగుప్తు రథాలు మునిగాయి, జనం ఆవలి గట్టు చేరారు, అప్పుడు మోషే, ఇశ్రాయేలీయులు పాడారు. ఆ తరువాత మిర్యాము తంబుర చేతబట్టి స్త్రీలతో కలిసి పల్లవి అందుకుంది. “గుఱ్ఱమును దాని రౌతును” సముద్రంలో పడద్రోసెను అన్న ఆ చిన్న పల్లవి హెబ్రీ కవిత్వంలో అతి ప్రాచీనమైన వాటిలో ఒకటని చాలామంది పండితుల అభిప్రాయం. “పాడ” అన్న మాటలో కారణార్థం ధ్వనిస్తుందేమోనన్న భయం మీ విరుపుతో తీరిపోయింది.

చుట్టగా చుట్టి ఉంచే హెబ్రీ చేతిరాత ప్రతిలో ఈ సముద్రగీతాన్ని రాసే పద్ధతిని చూడనివారు ఒకసారి చూడాలని నా కోరిక. మామూలు వచనంలా నిండు పంక్తులుగా రాయరు. మాటల గుంపు, ఖాళీ, మళ్ళీ మాటల గుంపు. కింది పంక్తిలో ఆ ఖాళీ కిందికి మాటలు వచ్చేలా, ఇటుకలు పేర్చినట్టు రాస్తారు. ఆ పుట దగ్గరకు రాగానే ఇది కథ కాదు, పాట అని చదివేవారి కంటికే తెలిసిపోతుంది.

ఒక్క సూచన. “రాకాసి యలలు” అన్నది తెలుగు పద్యానికి అందంగానే ఉంది గాని, ఆ గీతంలో సముద్రానికి సొంత క్రౌర్యం లేదు. అది ఆజ్ఞకు లోబడిన నీరు మాత్రమే.

పద్యప్రియ:

నమస్కారం. యెహోషాపాతు కథతో నా పూరణ.

కత్తి పట్టువారి కంటె ముందుగ రాజు
గాయకులను నిలిపి కదలు మనియె
దైవకరుణ యెపుడుఁ దఱుఁగ దనుచు వారు
పాట పాడ శత్రుబలము గూలె

నిర్వాహకుడు:

పద్యప్రియ గారూ, నేను సమస్య ఇచ్చినప్పుడు మనసులో ఉన్న ఘట్టం ఇదే. దినవృత్తాంతాల రెండవ గ్రంథం 20వ అధ్యాయం. మోయాబీయులు, అమ్మోనీయులు, శేయీరు కొండవారు కలిసి యూదా రాజ్యం మీదికి వచ్చారు. క్రీస్తుకు పూర్వం 9వ శతాబ్దపు రాజు యెహోషాపాతు ఉపవాసం చాటించాడు. ఆసాపు సంతతివాడైన యహజీయేలు అనే లేవీయుడు, అంటే ఆలయసేవ చేసే గోత్రంవాడు, ఈ యుద్ధం మీది కాదని జనంతో చెప్పాడు. ఆసాపు వంశం గాయకుల వంశం కనుక, ధైర్యం చెప్పిన గొంతు కూడా పాటల ఇంటి నుంచే వచ్చిందన్నమాట. మరునాటి ఉదయం తెకోవ అరణ్యానికి బయలుదేరేటప్పుడు రాజు గాయకులను సైన్యానికి ముందు నడిపించాడు. వారు పాడడం మొదలుపెట్టగానే శత్రువులు తమలో తామే ఒకరినొకరు చంపుకున్నారని గ్రంథం చెబుతుంది. కొల్లసొమ్ము కూర్చుకోవడానికి మూడు రోజులు పట్టింది, నాలుగవ నాడు బెరాకా లోయలో కూడి మళ్ళీ స్తుతించారు.

పద్యం సాఫీగా నడిచింది. “కత్తి పట్టువారి కంటె ముందుగ” అన్న ఎత్తుగడలోనే సమస్యలోని వింత సగం తేలిపోయింది. వ్యర్థపదం ఒక్కటీ కనబడలేదు.

సాయంకాలం:

గురువుగారూ, ఒక సందేహం. పద్యప్రియ గారి పద్యం ప్రకారం పాట కారణం, శత్రునాశనం ఫలితం. అప్పుడు పాట మంత్రం లాంటిది అయిపోదా? తెల్లకలువ గారి పద్యంలో వచ్చిన వరుసే సరైనది కాదా?

నిర్వాహకుడు:

మంచి ప్రశ్న అడిగారు. దీని మీద కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే హెబ్రీ లేఖనాలలో పాట చేసే పని ఏమిటన్నది ఇక్కడే తేలుతుంది.

పద్యప్రియ గారు “దైవకరుణ యెపుడుఁ దఱుఁగదు” అన్నది ఊహ కాదు. ఆ గాయకులు పాడిన మాట అదే: “ఆయన కృప నిరంతరముండును.” ఇది ఆ రోజు కోసం కట్టిన యుద్ధగీతం కాదు. సొలొమోను మందిరాన్ని ప్రతిష్ఠించిన నాడు బూరలు ఊదేవారూ గాయకులూ ఏకస్వరంగా పాడగా మందిరం మేఘంతో నిండినప్పుడు వినిపించిన మాట ఇదే. 136వ కీర్తనలో ఉన్న 26 వచనాలలో ప్రతి ఒక్కటీ ఈ పల్లవితోనే ముగుస్తుంది, ఆ వచనాలలో ఎఱ్ఱసముద్రం పాయలైన సంగతి కూడా ఉంది. బబులోను చెర నుంచి తిరిగి వచ్చినవారు రెండవ మందిరానికి పునాది వేసిన నాడు ఆసాపు సంతతివారు తాళాలతో పాడినదీ ఇదే. మొదటి మందిరాన్ని చూసిన ముసలివారు ఆ రోజు బిగ్గరగా ఏడ్చారనీ, సంతోషధ్వని ఏదో ఏడుపు ఏదో ఎవరికీ తెలియలేదనీ ఎజ్రా గ్రంథం 3వ అధ్యాయం చెబుతుంది. ఆ పాట మోయవలసిన బరువు ఎంతటిదో ఆ ఒక్క వాక్యంలో తెలుస్తుంది.

కాబట్టి యెహోషాపాతు గాయకులు శత్రువు మీద పాట ప్రయోగించలేదు. శత్రువు ఇంకా నిలబడి ఉండగానే, ఒకప్పుడు పొందిన మేలును జ్ఞాపకం చేసుకున్నారు. మిర్యాము పాట విజయం తరువాత వచ్చింది, యెహోషాపాతు పాట విజయానికి ముందు వచ్చింది, కాని రెండవ పాట మొదటి పాట మీద ఆనుకొని నిలిచింది. శత్రువులను పడగొట్టినవాడు దేవుడని గ్రంథం స్పష్టంగానే అంటుంది. గానం ఆ పని మొదలైన సమయాన్ని తెలుపుతుంది. అందువల్ల “పాడ” అన్నదానికి “పాడుచుండగా” అన్న అర్థం తీసుకుంటే మూలానికి ఏ భంగమూ లేదు.

అక్షరమాలి:

దావీదు సితారాతో ఒక ప్రయత్నం.

సౌలు నలఁచు దుష్టశక్తి పాఱఁగఁ జేసె
గొఱ్ఱె గాచువాని గోటి మీటు;
తీఁగ పలుకుచుండఁ దియ్యగా నాతఁడు
పాట పాడ శత్రుబలము గూలె

నిర్వాహకుడు:

అక్షరమాలి గారూ, “గొఱ్ఱె గాచువాని గోటి మీటు” అన్న పాదం ఈ వారం వచ్చిన పాదాలన్నిటిలోకీ నాకు బాగా నచ్చింది. శత్రుబలాన్ని ఇశ్రాయేలు రాజు సౌలు మనసులోని దురాత్మగా చూడడమూ కొత్తగా ఉంది. అయితే సమూయేలు మొదటి గ్రంథం 16వ అధ్యాయంలో దావీదు సితారాను చేత్తో వాయించాడని ఉంది, పాడాడని లేదు. 73 కీర్తనల తలకట్టులో అతని పేరు కనబడుతుంది కనుక పాడి ఉంటాడని మనం అనుకోవచ్చు. కవికి ఆ మాత్రం స్వేచ్ఛ ఇస్తాను.

మీరు మరో రెండు అధ్యాయాలు ముందుకు వెళ్ళి ఉంటే ఇంకా పదునైన వస్తువు దొరికేది. యుద్ధం నుంచి తిరిగి వస్తున్న సౌలుకు ఎదురు వచ్చిన స్త్రీలు, సౌలు వేలకొలది, దావీదు పదివేలకొలది హతం చేశారని పాడారు. హెబ్రీ కవిత్వానికి మన యతిప్రాసల వంటి బిగింపు లేదు, ఒక పాదంలోని భావాన్ని రెండవ పాదం మరికాస్త పెంచి చెప్పడం దాని ప్రాణం. వేయి తరువాత పదివేలు రావడం ఆ కవితారీతిలో మామూలే. సౌలు దాన్ని లెక్కగా విన్నాడు. ఆ రోజు నుంచి దావీదు మీద కన్ను వేశాడు. శత్రుబలం కూలిందని పాడిన పాటే ఒక కొత్త శత్రువును పుట్టించింది!

సాయంకాలం:

నా పూరణ కూడా చూడండి. 137వ కీర్తన నేపథ్యం.

పరుల నదులచెంతఁ బడి యేడ్చువారలు
చెట్ల కొమ్మలందుఁ జేర్చి వీణ
కోరు పగఱ యెదుటఁ గొంతెత్తి యెట్లంద్రు
పాట పాడ శత్రుబలము గూలె?

నిర్వాహకుడు:

సాయంకాలం గారూ, అందరూ పాటను నిలబెట్టిన చోట మీరు మౌనాన్ని నిలబెట్టారు. సమస్యాపాదాన్ని వారు పలకలేని మాటగా మార్చి ప్రశ్నలో ఇమిడ్చిన తీరు సమర్థనీయం. క్రీస్తుకు పూర్వం 586లో బబులోనీయుల చేతిలో యెరూషలేము కూలింది, మందిరం కాలింది, చెరపట్టినవారు సీయోను, అంటే యెరూషలేము, కీర్తన ఒకటి పాడమని వినోదం కోసం అడిగారు. అప్పుడు పాడితే ఆ పాట సాక్ష్యం కాకుండా తమాషా అయిపోతుంది. అందుకే “అన్యుల దేశములో మనమెట్లు పాడుదుము” అన్నారు.

లోపం ఒక్కటే. “చేర్చి” అన్న క్రియ చాలలేదు. మన బైబిలు అనువాదంలో సితారాలను నిరవంజి చెట్లకు తగిలించారని ఉంది. తగిలించడంలో ఇక ముట్టబోమన్న నిశ్చయం ఉంది, చేర్చడంలో లేదు. రెండవ పాదాన్ని “వీణఁ జెట్టుకొమ్మ వ్రేలఁగట్టి” అని మార్చి చూడండి. వీ–వ్రేలకు యతి చెల్లుతుంది, అయిదు గణాలూ సరిపోతాయి, దృశ్యమూ కళ్ళకు కడుతుంది.

సాయంకాలం:

మీ సవరణను శిరసావహిస్తున్నాను. ఇంకొక్క మాట. ఆమోసు ప్రవక్త 5వ అధ్యాయంలో దేవుడే “నీ పాటల ధ్వని నా యొద్దనుండి తొలగనిమ్ము” అన్నట్టు ఉంది. దాన్ని ఎలా అర్థం చేసుకోవాలి?

నిర్వాహకుడు:

ఆ వెంటనే వచ్చే వచనంతో కలిపి చదవాలి. న్యాయం నీళ్ళలా, నీతి ఎడతెగని ప్రవాహంలా పారనివ్వమంటాడు. బీదలను తొక్కి, గుమ్మం దగ్గర న్యాయాన్ని అమ్ముకుని, పండుగనాడు స్వరమండలం మీటేవారితో అన్న మాట అది. దేవుడు పాటను తోసివేసింది అది అబద్ధసాక్ష్యం అయినప్పుడే. ఈ వస్తువుతో ఇంతవరకు ఎవరూ పూరణ పంపలేదు. పంపితే ఆనందంగా చూస్తాను.

తెల్లకలువ:

గురువుగారూ, ఆలయంలో గానం పూర్తిగా పురుషులదేనా? మిర్యాము, న్యాయాధిపతుల గ్రంథంలో విజయగీతం పాడిన దెబోరా వంటివారు ఆలయానికి ముందటి కాలం వారు కదా.

నిర్వాహకుడు:

దినవృత్తాంతాల మొదటి గ్రంథం 25వ అధ్యాయంలో ఆసాపు, హేమాను, యెదూతూను కుటుంబాల నుంచి పాటలో నేర్పరులైన 288 మందిని, వంతుకు 12 మంది చొప్పున 24 వంతులుగా నియమించిన వివరం ఉంది. వంతులకు పెద్దలుగా లెక్కకు వచ్చినవారు కుమారులే. కాని అక్కడే హేమానుకు 14 మంది కుమారులనూ ముగ్గురు కుమార్తెలనూ చెప్పి, వీరందరూ తండ్రి చేతికింద పాడేవారని అంటుంది. చెర నుంచి తిరిగి వచ్చినవారి పట్టికలో గాయకులతో పాటు గాయకురాండ్రనూ లెక్కించారు. ఎజ్రా 200 అంటే నెహెమ్యా 245 అంటాడు. మందిరం లోపల వారి స్థానం ఏదైనా, జనం లెక్కలో వారి గొంతు లెక్కకు వచ్చింది.

చివరగా నా పూరణ. ద్వితీయోపదేశకాండం 31వ అధ్యాయంలో మోషేకు ఒక పాట రాసి జనానికి నేర్పి వారి నోట ఉంచమని ఆజ్ఞ వస్తుంది. వారు దారి తప్పిన నాడు అది వారి సంతానం నోట మరువబడక సాక్ష్యంగా నిలుస్తుందని కారణం కూడా చెబుతుంది. ఆ ఆలోచనకు సముద్రగీతాన్ని జోడించాను.

మఱపె శత్రు వగుచు మది నాక్రమింపంగఁ
దాత, మనుమరాలు దలఁచుకొనుచు
నాఁటి కడలికథను నమ్మి, నేఁటికి నదె
పాట పాడ శత్రుబలము గూలె

ఏటిగట్టు:

గురువుగారూ, మొదటి పాదంలో శత్రువు, నాలుగవ పాదంలో శత్రుబలం రెండూ ఉన్నాయి. పునరుక్తి కాదా?

నిర్వాహకుడు:

సమస్యలోని శత్రువు ఎవరో మొదటి పాదంలో పేరు పెట్టి చెప్పాలని కావాలనే ఉంచాను. అయినా మీ చెవికి తగిలిందంటే ఆలోచించవలసిందే. “మఱపె పగఱ యగుచు” అని మార్చినా గణాలు సరిపోతాయి. ఈ వారం ఉత్తమ పూరణగా పద్యప్రియ గారి పద్యాన్నీ, సవరించిన రెండవ పాదంతో సాయంకాలం గారి పద్యాన్నీ నిలుపుతున్నాను. ఆమోసు పూరణలకు ఆదివారం వరకు గడువు ఉంది.