30 బై 40 శ్లాబుకి కాంక్రీటు ఎంత పడుతుంది? వైజాగ్‌లో ఇల్లు కట్టినవాళ్లు చెప్పండి

కొమ్మాది కొత్తిల్లు:
నమస్కారమండి. కొమ్మాదిలో జీ ప్లస్ వన్ (కింద ఇల్లు, పైన ఒక అంతస్తు) కడుతున్నాం, మొదటి శ్లాబుకి సెంట్రింగ్ (కాంక్రీటు పోయడానికి కింద బొంగులు, ప్లేట్లు కట్టే పని) నడుస్తోంది. శ్లాబు 30 అడుగులు, 40 అడుగులు, మందం 5 అంగుళాలు. పిల్లర్లు 12. పొడుగువారీగా మూడు వరసల బీములు, అడ్డంగా నాలుగు వరసలు. బీము వెడల్పు 9 అంగుళాలు, లోతు శ్లాబుతో కలిపి 15 అంగుళాలు. మేస్త్రి గారేమో 120 బస్తాల సిమెంటు చాలంటున్నారు. ప్లాన్ ఇచ్చిన ఇంజినీరు గారు పద్దెనిమిదిన్నర క్యూబిక్ మీటర్లు అన్నారు. రెడీమిక్స్ (ప్లాంటులో కలిపి బండిలో తెచ్చే కాంక్రీటు) వాళ్లు 20 రాసుకోమంటున్నారు. ముగ్గురూ అనుభవం ఉన్నవాళ్లే. తేడా ఎక్కడ వస్తోందో అర్థమైతే గానీ అడ్వాన్సు ఇవ్వలేను. ఇసుక, కంకర కూడా చెప్పగలిగితే మేలు.

పెందుర్తి సైట్ ఇంజినీర్:
మీరు కొలతలన్నీ ఇచ్చారు కాబట్టి నేరుగా లెక్క వేసేద్దాం. శ్లాబు 30 × 40 × 5/12 అంటే 500 సీఎఫ్‌టీ (ఘనపు అడుగులు). బీములో శ్లాబు మందం ఇప్పటికే ఇందులో వచ్చేసింది, కాబట్టి కిందకి దిగిన 10 అంగుళాలే తీసుకోవాలి. మొత్తం బీముల పొడవు 3 × 40, 4 × 30 కలిపి 240 అడుగులు. అడుగుకి 0.75 × 0.833, అంటే 0.625 సీఎఫ్‌టీ. 240 అడుగులకి 150. రెండూ కలిపితే 650 సీఎఫ్‌టీ. ఒక క్యూబిక్ మీటరుకి 35.3 సీఎఫ్‌టీ కనుక 18.4 వస్తుంది. మీ ఇంజినీరు గారిది నికర లెక్క, సరిగ్గా ఉంది. బీములు ఒకదాన్నొకటి దాటే చోట రెండుసార్లు లెక్కపడ్డది ఐదారు సీఎఫ్‌టీలే, దాన్ని వదిలేయొచ్చు. కాంక్రీటు కొలతలో కమ్మీ (ఇనుప చువ్వలు) ఆక్రమించే చోటును తీసేయరు, భారత ప్రమాణం ఐఎస్ 1200 పద్ధతి కూడా అదే.

రెడీమిక్స్ వాళ్ల 20 కూడా మోసమేమీ కాదండి. 18.4కి ఐదు శాతం తరుగు కలిపితే 19.3. లైన్ పంపు పెడితే పైపులో నిలిచిపోయేది వేరే. 125 ఎంఎం పైపు 50 మీటర్లు వేస్తే అందులోనే 0.6 క్యూబిక్ మీటరు ఉంటుంది. అక్కడికే 20 దగ్గరకి వచ్చేశారు. అయితే 20 ఒకేసారి రాయించుకోకండి. 6 చొప్పున మూడు బండ్లు చెప్పండి. మూడో బండి సగం దిగేసరికి ఇంకా పోయాల్సిన జాగాని టేపుతో కొలిచి, మిగతాది అప్పుడు ఫోన్‌లో చెప్పండి. చివరి బండి ఇలా చెప్తానని ముందే మాట్లాడుకోవాలి. చిన్న లోడుకి రేటు ఎక్కువ అడుగుతారు, అది కూడా ముందే తేల్చుకోండి.

తాపీపని గాజువాక:
మేస్త్రి గారు తప్పు చెప్పలేదండి. ఏటంటే, మా పనిలో నూటికి పది బస్తాలు అని ఒక వాడుక లెక్క ఉంది. నూరు చదరపు అడుగుల శ్లాబు, 5 అంగుళాల మందం. మీది 1200 అడుగులు, అందుకే 120. అది ఒట్టి శ్లాబు లెక్క, బీము అందులో లేదు. ఇప్పుడు బీమూ శ్లాబూ ఒకేసారి పోస్తున్నారు కదా, ఆ 150 సీఎఫ్‌టీకి ఇంకో 34 బస్తాలు పడతాయి. మీ మేస్త్రిని ఒక్క మాట అడగండి, ‘బీములు కలిపేనా?’ అని. ఆయనే సరిచేసి చెప్తారు.

నేను సైట్లో పెట్టుకునే గుర్తు ఇంకొకటి. సిమెంటు, ఇసుక, కంకర ఒకటి, ఒకటిన్నర, మూడు పాళ్లలో కలిపితే బస్తాకి సుమారు 4.4 సీఎఫ్‌టీ కాంక్రీటు దిగుతుంది. మీ 650ని 4.4తో భాగించండి, 147, 148 బస్తాలు వస్తాయి. తరుగుకి ఐదారు కలుపుకోండి.

పెందుర్తి సైట్ ఇంజినీర్:
ఈ 4.4 ఎక్కడిదో కూడా చెప్తాను. తడి కాంక్రీటు ఒక క్యూబిక్ మీటరు కావాలంటే పొడి సరుకు 1.54 క్యూబిక్ మీటర్లు పోయాలి, కంకర సందుల్లోకి ఇసుక, ఇసుక సందుల్లోకి సిమెంటు సర్దుకుపోతాయి కాబట్టి. పాళ్ల మొత్తం ఐదున్నర. 1.54ని దానితో భాగిస్తే సిమెంటు 0.28 క్యూబిక్ మీటరు, 1440 కేజీలతో గుణిస్తే 403 కేజీలు, అంటే ఎనిమిది బస్తాలు. ఇసుక 0.42, కంకర 0.84. మీ 18.4కి ఇసుక 273 సీఎఫ్‌టీ, కంకర 546. కంకరలో 20 ఎంఎం ఒక్కటే తెప్పించకుండా కొంత 10 ఎంఎం చిప్స్ కలపండి, బీముల్లో కమ్మీ దగ్గరగా ఉన్న చోట అది లేకపోతే తేనెతుట్టెల్లా ఖాళీలు వచ్చేస్తాయి.

భీమిలి బీచ్‌రోడ్:
273 అనగానే సరిగ్గా అంతే చెప్పేయకండి. ఆ లెక్క పొడి ఇసుకది. మనకి నది ఇసుక తడిగానే వస్తుంది. తడి ఇసుక పొంగి ఉంటుంది, 25 శాతం పొంగిందంటే అదే సరుకు లారీలో 340 సీఎఫ్‌టీ కనిపిస్తుంది. లారీ తొట్టి కొలిచి నిండుగా ఉందని తీసుకుంటాం, తీరా పని మధ్యలో ఇసుక అయిపోతుంది. అంతకంటే పెద్ద నష్టం మిల్లరు (కాంక్రీటు కలిపే మిషను) దగ్గర. బస్తా సిమెంటు 1.25 సీఎఫ్‌టీ లెక్కన ఇసుక దానికి ఒకటిన్నర రెట్లు, 1.875 వేయాలి. పొంగిన ఇసుకని అదే పెట్టెతో కొలిస్తే అసలు ఇసుక 1.5 మాత్రమే పడుతుంది. కాంక్రీటు తక్కువ దిగుతుంది, బస్తాలు చాలవు, అందరూ మేస్త్రి మీద పడతారు.

పరీక్ష చాలా తేలిక. ఇసుకని అదమకుండా బకెట్లో సగం పైదాకా పోసి, స్కేలుతో ఎత్తు చూసుకోండి, 20 సెంటీమీటర్లు అనుకుందాం. ఆ ఇసుకని వేరే గిన్నెలోకి తీసి, బకెట్లో కొంచెం నీళ్లు పోసి, ఇసుకని మళ్లీ అందులోకి వేస్తూ కర్రతో కలపండి. ఇసుక పూర్తిగా నీళ్లలో మునగాలి. అడుగుకి దిగాక ఎత్తు 16కి వచ్చిందంటే 25 శాతం పొంగు ఉన్నట్టే. 20ని 16తో భాగిస్తే 1.25. శ్లాబు రోజు పొద్దున్నే చేసి, ఆ మేరకు ఇసుక పెట్టె ఎత్తు పెంచాలి. రాత్రి వాన పడితే లెక్క మళ్లీ మారుతుంది, కాబట్టి నిన్న చూశాం కదా అని ఊరుకోకూడదు.

డిజైన్ టేబుల్:
అందరూ ఘనపరిమాణం దగ్గరే ఆగిపోయారు. నాకు అసలు భయం గ్రేడు (కాంక్రీటు బలం, ఎం పక్కన అంకె పెరిగేకొద్దీ బలం ఎక్కువ) గురించి. ఒకటి, ఒకటిన్నర, మూడు అనేది ఎం20. కాంక్రీటు ప్రమాణం ఐఎస్ 456:2000 ప్రకారం పాళ్లు చెప్పి కలిపే పద్ధతి ఎం20 వరకే. తీరప్రాంతంలో ఉప్పుగాలికి చాటున ఉండే కాంక్రీటు మోడరేట్ అనే తరగతి కిందకి వస్తుంది, దానికి కనీసం ఎం25, కవర్ (కమ్మీ పైన ఉండే కాంక్రీటు మందం) 30 ఎంఎం, నీరు సిమెంటు నిష్పత్తి 0.50 దాటకూడదు. నేరుగా తీరపు వాతావరణానికి బయటపడి ఉండేది సివియర్, దానికి ఎం30, కవర్ 45 ఎంఎం, నిష్పత్తి 0.45. సముద్రపు తుంపర తగిలే చోట ఎం35. భీమిలి బీచ్‌రోడ్ గారి స్థలానికీ, కొమ్మాది గారి స్థలానికీ ఒకే లెక్క పెట్టకూడదు. మీది ఎందులోకి వస్తుందో డ్రాయింగ్‌లో రాసి ఉండాలి, లేకపోతే మీ ఇంజినీరు గారి చేత రాయించండి.

ఇది బస్తాల సంఖ్యతో పోయే సంగతి కాదు. ఎం25 నుంచీ ల్యాబ్‌లో మీ ఇసుక, మీ కంకర పెట్టి మిక్స్ డిజైన్ (ఏది ఎంత కలపాలో తేల్చే పరీక్ష) చేయించాలి. ఎడ్‌మిక్స్చర్ (కాంక్రీటులో కలిపే రసాయనం) వాడితే సిమెంటు ఎనిమిది బస్తాల కంటే తక్కువకే ఎం25 రావచ్చు. అలాగని ‘ఇంకో రెండు బస్తాలు ఎక్కువ వేద్దాం’ అని ఎం20ని ఎం30 చేయలేం, నీళ్లు అదుపులో లేకపోతే ఎన్ని బస్తాలు వేసినా దండగే. 50 కేజీల బస్తాకి 0.50 నిష్పత్తిలో 25 లీటర్లు, ఇసుకలో ఉన్న తడి కూడా అందులోదే. ట్యూబు పట్టుకుని మిల్లర్లోకి నీళ్లు వదిలే అలవాటు ఒక్కటి మానిపిస్తే సగం పని అయినట్టే.

ఇంకో మాట. కవర్ పెరిగితే 5 అంగుళాల శ్లాబులో కమ్మీ పనిచేసే లోతు తగ్గుతుంది. అప్పుడు డిజైనర్ 6 అంగుళాలు చేయమనవచ్చు. శ్లాబుకి 100 సీఎఫ్‌టీ పెరుగుతుంది, బీము కిందకి దిగే భాగం అంగుళం తగ్గి 15 పోతుంది, నికరంగా 85, అంటే 2.4 క్యూబిక్ మీటర్లు. అందుకే గ్రేడు, కవర్ తేలకుండా ఎవరికీ ఆర్డర్ చెప్పొద్దు.

కొమ్మాది కొత్తిల్లు:
డ్రాయింగ్ తీసి చూశానండి. ఎం25, కవర్ శ్లాబుకి 30 అని ఉంది, మందం 5 అంగుళాలే. మేస్త్రి గారిని కూడా అడిగాను, బీములు కలపలేదనే చెప్పారు. రెడీమిక్స్‌కే వెళ్దామనుకుంటున్నాం. బండిలో నిజంగా 6 వచ్చిందో లేదో తెలుసుకోవడం ఎలా?

ఎండాడ గృహిణి:
కాటా వేయించండి. మేం అదే చేశాం. కాంక్రీటు క్యూబిక్ మీటరుకి సుమారు 2400 కేజీలు, 6 అయితే 14.4 టన్నులు. ప్లాంటు నుంచి మిక్స్ షీట్ అడిగితే మీటరుకి సిమెంటు, ఇసుక, కంకర, నీళ్లు ఎన్నెన్ని కేజీలో ఉంటుంది, అన్నీ కలిపి, బండిలో సరుకు బరువుని దాంతో భాగిస్తే ఇంకా కచ్చితం. మా శ్లాబుకి వచ్చిన బండి దారిలో బయటి వేబ్రిడ్జి మీద నిండుగా ఒకసారి, ఖాళీగా ఒకసారి తూచితే తేడా 13.2 టన్నులే. అంటే ఐదున్నర. చలానాలో 6 అని ఉంది. ప్లాంటు వాళ్లకి రెండు స్లిప్పులూ చూపించాం, మారు మాట్లాడకుండా బిల్లు తగ్గించారు. ఆ తర్వాతి బండ్లు సరిగ్గానే వచ్చాయి. ప్రతి బండినీ తూచక్కర్లేదు, తూచుతారని వాళ్లకి తెలిస్తే చాలు.

చలానా మీద కలిపిన టైము కూడా చూడండి. రెండు గంటల్లోపు దిగిపోవాలి. హైవే మీద ట్రాఫిక్ ఆగే వేళ పెట్టుకోకండి, పొద్దున్నే మొదలుపెట్టడం మేలు. బండి బిగిసిపోతోందని డ్రైవరు నీళ్లు కలపబోతే ఒప్పుకోవద్దు, ప్లాంటు మనిషి వచ్చి ఎడ్‌మిక్స్చర్ వేయాలి.

తాపీపని గాజువాక:
అమ్మగారు చెప్పింది మంచి మాట. కానీ బండి సరిగ్గా వచ్చినా సెంట్రింగ్ దగ్గర పోయేది ఎక్కువండి. ప్లేట్ల లెవెల్ అర అంగుళం కిందకి ఉందనుకోండి, 1200 అడుగుల మీద 50 సీఎఫ్‌టీ, అంటే 1.4 క్యూబిక్ మీటరు. నేను పోత ముందురోజు దారం కట్టి ప్రతి గదిలో ఐదు చోట్ల కొలుస్తాను, మధ్యలో, నాలుగు మూలల్లో. బొంగుల కింద నేల మెత్తగా ఉంటే పలకలు వేయాలి. మన ఎర్ర గ్రావెల్ నేల ఎండలో రాయిలా ఉంటుంది గానీ, క్యూరింగ్ నీళ్లు, వాన నీళ్లు దిగితే బొంగు కూరుకుపోద్ది. పోసేటప్పుడు మందానికి గుర్తు పెట్టిన కమ్మీ ముక్క ఒకటి చేతిలో ఉండాలి, ఎక్కడికక్కడ గుచ్చి చూస్తూ పోవాలి.

మెట్లు ఈ లెక్కలో ఉన్నాయా?

పెందుర్తి సైట్ ఇంజినీర్:
లేవు, మంచి ప్రశ్న. 3 అడుగుల వెడల్పు, మెట్టు ఎత్తు 6 అంగుళాలు, తొక్కు 10 అంగుళాలు అనుకుందాం. మెట్టు త్రికోణం 0.625 సీఎఫ్‌టీ, పది మెట్లకి 6.25. కింద ఏటవాలు పలక 9.7 అడుగుల పొడవు, 5 అంగుళాల మందం, 12 సీఎఫ్‌టీ. ఒక వరసకి 18 పైచిలుకు. రెండు వరసలు, మధ్య ల్యాండింగ్ కలిపితే 45, అంటే క్యూబిక్ మీటరుంపావు. శ్లాబుతోపాటే మెట్లు పోస్తుంటే ఇది కలపాలి. మెట్ల కోసం శ్లాబులో వదిలిన ఖాళీని మాత్రం మొత్తంలోంచి తీసేయాలి, రెండూ మర్చిపోయేవాళ్లు చాలామంది.

ఎవరైనా ఇల్లు కొత్తగా మొదలుపెడితే ఫుటింగ్ (పిల్లరు కింద పునాది దిమ్మ) లెక్క కూడా ఒకసారి చూడండి. 5 అడుగుల చతురం, 9 అంగుళాలు నిలువు, పైన మరో 9 అంగుళాలు 2 అడుగులకి వాలుగా తగ్గుతుంది. దీన్ని నిండు పెట్టెగా లెక్కేస్తే 37.5 సీఎఫ్‌టీ. వాలు భాగానికి కింది వైశాల్యం 25, పై వైశాల్యం 4, రెండింటి లబ్ధం వర్గమూలం 10, మొత్తం 39. దాన్ని ఎత్తు 0.75తో గుణించి మూడుతో భాగిస్తే 9.75. నిలువు భాగం 18.75తో కలిపి 28.5. పన్నెండు ఫుటింగులకి తేడా 108 సీఎఫ్‌టీ, మూడు క్యూబిక్ మీటర్లు.

కొమ్మాది కొత్తిల్లు:
మా మెట్లు బయట, తర్వాత పోస్తాం. కాబట్టి 18.4కి తరుగు, పైపు. మూడు బండ్లు ఖాయం, నాలుగోది కొలిచి చెప్తాను. చివర్లో కొంచెం మిగిలితే ఏం చేస్తారు?

ఎండాడ గృహిణి:
గేటు ముందు ర్యాంపుకి కంకర పరిచి, పక్కలకి పలకలు కట్టి సిద్ధంగా ఉంచండి. సంపు మూతలకి కూడా చిన్న ఫ్రేములు చేయించి కమ్మీ పెట్టి ఉంచుకోవచ్చు. పంపు మొదలుపెట్టేటప్పుడు పైపులోంచి ముందు వచ్చే సిమెంటు పాలు మాత్రం బీములోకి పోనివ్వకండి, డ్రమ్ములో పట్టి పక్కన పోయించండి.

డిజైన్ టేబుల్:
సిమెంటు పీపీసీ (ఫ్లైయాష్ కలిపినది) గానీ స్లాగ్ (ఇనుము కొలిమి చిట్టెం కలిపినది) గానీ అయితే క్యూరింగ్ (తడుపుతూ ఉంచడం) కనీసం పది రోజులు, ఓపీసీ (ఏమీ కలపని మామూలు సిమెంటు) అయితే ఏడు. ప్లాంటు వాళ్లు ఏ సిమెంటు వాడారో మిక్స్ షీట్లోనే ఉంటుంది, చూసుకుని నీళ్ల మనిషిని మాట్లాడుకోండి.