‘అందరూ స్వచ్ఛందంగా తప్పక హాజరు కావలెను’: ఇది సేవా, వెట్టా?

ఫైలు మోత (చర్చ మొదలుపెట్టినవారు)

నేను చెన్నై చుట్టుపక్కల ఒక స్థానిక సంస్థలో జూనియర్ అసిస్టెంట్‌ని. ఏ ఊరని అడక్కండి, చెప్పను. జనన మరణ ధ్రువపత్రాల సీటు నాది. ఏప్రిల్ రెండో వారంలో, శుక్రవారం సాయంత్రం బ్యాగు సర్దుకుంటుంటే ఆఫీసు వాట్సాప్ గ్రూపులో మెసేజ్ వచ్చింది. తమిళంలో ఉన్నదాన్ని తెలుగులో చెబుతాను: “ఎండాకాలం సేవా కార్యక్రమాల కోసం ఆదివారం ఉదయం 6 గంటలకు సిబ్బంది అందరూ స్వచ్ఛందంగా తప్పక హాజరు కావలెను. రాలేనివారు కారణం రాసి ఇవ్వాలి.”

స్వచ్ఛందంగా, తప్పక. రెండూ ఒకే వాక్యంలో.

వెళ్లాను. వెళ్లకపోతే వచ్చే నెల ఏ సీటుకి తోస్తారో తెలియదు. బస్టాండు దగ్గర చలివేంద్రం, తర్వాత చెరువు కట్ట మీద ప్లాస్టిక్ ఏరడం, ఆ తర్వాత పిల్లల వేసవి ఆటల శిబిరానికి మైదానం బాగుచేయడం. ముందు రిజిస్టర్‌లో సంతకం. ముఖ్య అతిథి వచ్చేసరికి 8:20. అప్పటిదాకా మేం ఫ్లెక్సీ నీడలో నిలబడి ఉన్నాం. ఆయన వచ్చి కుండలోంచి ఒక గ్లాసు ముంచి ఒక ముసలాయన చేతికిచ్చారు. ఫొటో సరిగ్గా రాలేదని ఆ ముసలాయన చేత రెండోసారి తాగించారు. పాపం, ఆయన బస్సు పోయింది.

మంగళవారం అటుగా వెళితే కుండ ఎండిపోయి ఉంది. గ్లాసు మాత్రం గొలుసుకు వేలాడుతోంది.

ఇంట్లో చెబితే మా మామగారు “జీతం జనం డబ్బే కదా, ఒక ఆదివారం వెళితే అరిగిపోతావా” అన్నారు. మీరేమంటారు? సెలవు రోజున మమ్మల్ని ఇలా పిలవడం న్యాయమేనా?

పెరంబూరు అత్తమ్మ

బాబూ, మీ మామగారి మాటే నాది కూడా. నేను కార్పొరేషన్ బడిలో 31 ఏళ్లు చెప్పి రిటైరయ్యాను. మే నెలలో అందరికీ సెలవులైతే మేం వీధి వీధీ తిరిగి “పిల్లాణ్ని బడిలో చేర్చండమ్మా” అని బతిమాలేవాళ్లం. దానికి ఎవరూ ఓటీ ఇవ్వలేదు, మేం అడగనూ లేదు. ఈ ఊళ్లో ఎండంటే ఏమిటో తెలియనట్టు మాట్లాడతారేం? 2003 మే 31న నుంగంబాక్కంలో 45 డిగ్రీలు నమోదైంది. ఆ రోజు మా వీధిలో గుక్కెడు మంచినీళ్లిచ్చినవాడే దేవుడు.

అయితే నువ్వు చెప్పిన కుండ సంగతి మాత్రం ఒప్పుకుంటాను. మా నాన్న గూడూరు స్టేషన్ బయట ఏటా చలివేంద్రం పెట్టేవాడు. తాటాకు పందిరి కింద ఇసుక పోసి, తడిపి, దాని మీద కొత్త కుండలు బోర్లించి ఒక రోజు ఉంచేవాడు. తర్వాత నీళ్లు నింపి, గుప్పెడు వట్టివేళ్లు మూటగట్టి వేసేవాడు. కుండ చుట్టూ తడిగుడ్డ చుట్టి, అది ఆరకుండా గంటకోసారి తడపడం నా పని. పొద్దున్న ఎనిమిది నుంచి సాయంత్రం అయిదు దాకా ఒక మనిషి అక్కడ కూర్చోవాల్సిందే. మీ ఆఫీసువాళ్లు కుండ పెట్టి, ఆ మనిషిని పెట్టడం మరిచిపోయారు. తప్పు అక్కడుంది, మిమ్మల్ని పిలవడంలో లేదు.

ఆదివారం మనిషి

నేను ఐటీ. నెలకు రెండు ఆదివారాలు బీచ్‌లో చెత్త ఏరే గుంపుతో వెళతాను. మమ్మల్ని ఎవరూ పిలవరు. మా కష్టం చెబుతాను వినండి. 40 సంచులు నింపి రోడ్డు పక్కన పెడతాం. మున్సిపల్ వాళ్లు ఒక్కరు ఉన్నా ఫోన్ చేసి లారీ తెప్పిస్తారు. లేకపోతే ఆ సంచులు రెండు రోజులు అక్కడే పడి ఉంటాయి, కుక్కలు చింపేస్తాయి, మళ్లీ అంతా ఇసుకలోకే. కాబట్టి అన్నా, మీలాంటివాళ్లు రావాలి. చెత్త ఏరడానికి కాదు, లారీ రప్పించడానికి.

ఇంకో మాట. 2014 అక్టోబరు 2న స్వచ్ఛ భారత్ మొదలైనప్పుడు కేంద్ర ఉద్యోగులను గాంధీ జయంతి సెలవు రోజునే ఆఫీసుకు రప్పించి ప్రమాణం చేయించారు. ఏడాదికి 100 గంటలు, అంటే వారానికి రెండు గంటలు శ్రమదానం చేస్తానని. ఆ 100 గంటలు పూర్తి చేసినవాళ్లు మీకు ఎంతమంది తెలుసు? నాకు ఒక్కరూ తెలియదు. ఆర్డరేస్తే ప్రమాణాలు వస్తాయి, గంటలు రావు.

పాత బెజవాడ

శ్రమదానం అనగానే ఆంధ్రలో 1997లో ప్రభుత్వం పెట్టిన జన్మభూమి కార్యక్రమం గుర్తొచ్చింది. మా నాన్న అప్పుడు ఎన్జీవో, అంటే నాన్ గెజిటెడ్ ప్రభుత్వోద్యోగి. పార పట్టుకుని ఫొటో దిగాడు. ఆ పార పక్కింటి వాళ్లది, ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది.

ఇంతకీ మన ఆంధ్ర వైపు 2019లో ప్రభుత్వం వాలంటీర్లను పెట్టాక ‘వాలంటీర్’ అంటే నెలకు 5 వేలు గౌరవ వేతనం తీసుకున్న మనిషి అని అర్థం స్థిరపడిపోయింది. మీ ఆఫీసు మాత్రం ఆ మాటను పైసా ఇవ్వకుండా వాడుకుంటోంది 😄

లా పాయింట్

కాస్త చట్టం మాట్లాడుకుందాం. వెట్టి అనే మాట ఊరికే వాడేది కాదు. రాజ్యాంగం 23వ అధికరణం బలవంతపు చాకిరీని నిషేధించింది. 1982లో ఆసియా క్రీడల నిర్మాణ కూలీల కేసులో సుప్రీంకోర్టు, కనీస వేతనం కన్నా తక్కువిచ్చి పని చేయించుకోవడం కూడా బలవంతపు చాకిరీయే అంది. తుపాకీ పెట్టి బెదిరించనక్కర్లేదు, గతిలేక ఒప్పుకున్నా అది బలవంతమే అని ఆ తీర్పు సారాంశం.

కానీ అదే అధికరణంలో రెండో క్లాజు ఉంది. ప్రజా ప్రయోజనం కోసం ప్రభుత్వం నిర్బంధ సేవ విధించవచ్చు. ఒక్కటే షరతు: మతం, జాతి, కులం, వర్గం చూసి తేడా పెట్టకూడదు. కాబట్టి ఫైలు మోత గారు నెలజీతం తీసుకుంటూ ఒక ఆదివారం చెరువు కట్టకు వెళ్లడాన్ని వెట్టి అంటే కోర్టులో నవ్వుతారు. సెలవుకు బదులు సెలవు అడగండి, అది న్యాయం. ఇష్టపడి చేసేవారికైతే అడ్డు కూడా ఏమీ లేదు. కేంద్ర ఉద్యోగుల ప్రవర్తనా నియమాల్లో 15వది, జీతం లేని సామాజిక, ధార్మిక సేవను ముందస్తు అనుమతి లేకుండానే చేయనిస్తుంది.

కండలేరు

అందరూ నీళ్లు నీళ్లు అంటున్నారు కాబట్టి చెబుతున్నా. చెన్నై చలివేంద్రాల్లో పోసేవి సగం మన నీళ్లే. 1983లో ఎన్టీఆర్, ఎంజీఆర్ ఒప్పందం చేసుకుంటే 1996లో కృష్ణా నీళ్లు చెన్నైకి నీళ్లిచ్చే పూండి జలాశయానికి చేరాయి. మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్ర తలా 5 టీఎంసీలు వదిలి, దారిలో పోయింది పోగా సరిహద్దులో 12 ఇవ్వాలి. మా నెల్లూరు జిల్లా కండలేరు జలాశయం నుంచి కాలువ సరిహద్దు దాకా 152 కిలోమీటర్లు. దీనికి కృతజ్ఞతగా ఒక్క కుండ మీదైనా తెలుగులో రాశారా?

మోడరేటర్

కండలేరు గారూ, ‘సగం’ అన్నదానికి లెక్క లేదు. నీళ్ల వాటాకు వేరే చర్చ నడుస్తోంది, అక్కడ రాయండి.

కండలేరు

సరే సార్. సగం కాదు, చాలా. వెళుతున్నా.

వ్యాసర్పాడి

రెండు రోజులుగా చదువుతున్నాను, రాయాలా వద్దా అని ఆగాను. మా అమ్మ పారిశుద్ధ్య కార్మికురాలు. కాంట్రాక్టు. ఎక్కడో నేనూ చెప్పను. మా తాతలు నెల్లూరు వైపు నుంచి ఈ పనికే వచ్చారు. మా వీధిలో ఇంట్లో తెలుగు, బయట తమిళం, హాజరు వేసే మస్టర్ రూములో రెండూ కలిపి తిట్లు.

ఫైలు మోత గారూ, మీ రిజిస్టర్‌లో మీ సంతకం ఉంది. చెరువు కట్ట మీద మీరు ఏరిన సంచులు ఎవరు మోశారో రాశారా? ఇలాంటి ఒక ఆదివారం మా అమ్మ కూడా వెళ్లింది. ఆమెకు మెసేజ్ రాలేదు, మేస్త్రీ నోటిమాట. అందరికీ టోపీలు, టీ షర్టులు ఇచ్చారు. వీళ్లకు ఇవ్వలేదు, “మీకు యూనిఫాం ఉందిగా” అన్నారు. చెత్త ఏరితే మీకు అది సేవ, ఫొటో. మా అమ్మకు అది సోమవారం చేసే పనే, ఆదివారం చేసింది. మజ్జిగ పంచాక పందిరి చుట్టూ ఐదారు వందల పేపర్ కప్పులు. అందరూ వెళ్లిపోయాక అవి ఊడ్చింది ఆమే. ఆమె తాగిందా అని అడిగాను. అయిపోయిందట.

సెలవుకు బదులు సెలవు అంటున్నారు. ఆమె అడిగితే ఆ రోజు కూలీ పోతుంది. 2025 ఆగస్టులో చెన్నై కార్పొరేషన్ ఆఫీసు రిప్పన్ బిల్డింగ్ బయట కార్మికులు 13 రోజులు కూర్చున్నది ఎందుకు? రాయపురం, తిరు.వి.క. నగర్ మండలాల పనిని ప్రైవేటుకిస్తే జీతం తగ్గుతుందని, ఉద్యోగానికి భరోసా ఉండదని. అటువంటి బతుకులో ఉన్న మనిషిని “స్వచ్ఛందంగా రామ్మా” అంటే కాదని ఎలా అంటుంది?

లా పాయింట్ అన్నా, ఆ రెండో క్లాజులో వర్గం తేడా చూడకూడదని ఉందన్నారు కదా. ఆ రోజు ఎవరు 6 గంటలకు వచ్చారో, ఎవరు 8:20కి వచ్చారో చూడండి.

లా పాయింట్

ఒప్పుకుంటున్నా. నేను ఫైలు మోత గారి కేసు చూసి రాశాను, మీ అమ్మగారి కేసు చూసి కాదు. ఆ 1982 తీర్పు ఎవరి కోసమైనా వచ్చిందంటే ఆమెలాంటివాళ్ల కోసమే. ఆదివారం పనికి కూలీ ఇవ్వకపోతే అది సేవ ఖాతాలో పడదు, బాకీ ఖాతాలో పడుతుంది.

పెరంబూరు అత్తమ్మ

నాయనా, నీ మాట చదివాక నా టీ చల్లారిపోయింది. నిజమే, మేం బడి పిల్లల కోసం తిరిగిన వీధుల్లో మీ వీధి కూడా ఉంది.

అయినా ఒక్కటి వదులుకోను. ఆర్డర్ లేకపోతే ఎవరు వస్తారు చెప్పండి? మనుషుల మంచితనం మీద వదిలేస్తే ఆ కుండ పెట్టను కూడా పెట్టరు. 1920లో థౌజండ్ లైట్స్ కార్పొరేషన్ బడిలో పిల్లలకు మధ్యాహ్న భోజనం మొదలైంది. మన తెలుగు పిట్టి త్యాగరాయ చెట్టి గారు కార్పొరేషన్ అధ్యక్షుడిగా ఉన్నప్పుడు. దయతో కాదు, కౌన్సిల్ తీర్మానంతో. పిల్లాడికి రోజుకు ఒక అణా దాటకుండా అని లెక్క రాసి మరీ.

ఆదివారం మనిషి

అత్తమ్మగారూ, మీరు మీ వాదననే పడగొట్టారు. తీర్మానం, డబ్బు కేటాయింపు ఉన్నాయి కాబట్టే అది నడిచింది. చలివేంద్రానికీ అలాగే లెక్క రాయమనండి: మే నెలాఖరు దాకా ఒక మనిషికి రోజు కూలీ, నీళ్ల క్యాన్లు, కడగడానికి ఒక బక్కెట్. ఫ్లెక్సీ డబ్బుతో ఒక వారం గడిచిపోతుంది. 2024లో తమిళనాడు వడగాడ్పులను రాష్ట్ర విపత్తుగా ప్రకటించింది, చనిపోతే కుటుంబానికి 4 లక్షలు ఇస్తామంది. చనిపోయాక 4 లక్షలు రాయగలిగినవాళ్లు బతికుండగా ఒక కుండకు రాయలేరా?

పెరంబూరు అత్తమ్మ

పడగొట్టుకుంటే పడగొట్టుకున్నాను. నేను టీచర్ని, తప్పు మార్కులు దిద్దడం అలవాటే. కానీ ఆ కూర్చునే మనిషి వ్యాసర్పాడి అబ్బాయి వాళ్లమ్మ మాత్రం కాకూడదు. ఆవిడ నీళ్లు తాగేవాళ్లలో ఉండాలి.

పాత బెజవాడ

పందిరి పన్నెండు నుంచి మూడు మధ్య తెరిచి ఉంటే చాలు కదా? ఎండలో బయటికి పోవద్దని విపత్తు శాఖ చెప్పే వేళ అదే. తెల్లారగట్ల ఆరింటికి చలివేంద్రం తెరిచిన మహానుభావుడెవరో గాని, ఆ టైములో టీ అమ్మాలి.

ఫైలు మోత

ఆలస్యంగా వచ్చాను, మన్నించండి. వ్యాసర్పాడి గారూ, సంచులు ఎవరు మోశారో నాకు గుర్తులేదు. గుర్తులేదంటేనే తెలిసిపోతోంది. మా ఆఫీసు వెనక్కి వెళ్లి అడిగాను. ఆ రోజు వచ్చిన నలుగురు కాంట్రాక్టు మనుషులకు మస్టర్ పడలేదు. రిజిస్టర్ నకలు తీసి, ఆ నలుగురి పేర్లు చేర్చి, కూలీ ఇవ్వమని నోట్ పెట్టాను. మా సూపరింటెండెంట్ “నీ సీటు కానిది నీకెందుకయ్యా” అన్నారు. ఫైలు ఆయన టేబుల్ మీద ఉంది. టెన్షన్‌గానే ఉంది.

ఫైలు మోత (మూడు వారాల తర్వాత)

కత్తిరి (ఇక్కడి మే నెల మండుటెండలు) మొదలైంది, అడిగారు కాబట్టి చెబుతున్నా. నలుగురిలో ఇద్దరికి డబ్బు వచ్చింది, ఇద్దరి ఆధార్ సరిపోలలేదట. తర్వాతి ఆదివారాలకు మెసేజ్‌లు వస్తూనే ఉన్నాయి, ‘తప్పక’ తీసేశారు. ‘స్వచ్ఛందంగా’ ఉంది, రిజిస్టరూ ఉంది. పోయినసారి నేను వెళ్లలేదు. ఇంకా ఏమీ కాలేదు.

కుండ సంగతి. బస్టాండులో టీ కొట్టు అక్క పిలిచి “ఇది మీ ఆఫీసు కుండే కదా సార్, జనం నన్ను తిడుతున్నారు” అంది. పొద్దున్న ఆమె నింపుతోంది, భోజనానికి వెళ్లేటప్పుడు నేను ఒక క్యాను పోస్తున్నాను. అత్తమ్మగారు చెప్పినట్టు తడిగుడ్డ చుట్టాం. నీళ్లు నిజంగానే చల్లగా ఉన్నాయి.

వ్యాసర్పాడి

మిగతా ఇద్దరి సంగతి వదలకండి. గ్లాసు ఎవరు కడుగుతున్నారు?

ఫైలు మోత

వదలను, బ్యాంకు పుస్తకాల నకళ్లు తెమ్మన్నాను. గ్లాసు మేమిద్దరమే కడుగుతున్నాం. గొలుసు మరీ పొట్టిగా ఉంది, పెద్దవాళ్లు వంగి తాగాల్సి వస్తోంది. రెండడుగుల గొలుసు కావాలని స్టోర్స్‌కి ఇండెంట్ పెట్టాను. మూడు సంతకాలు కావాలట.