ఎండాకాలం మీగడ చిలికితే వెన్న పడట్లా, ఏం చేయాలబ్బా?

కావలి కోడలు:
వారం మీగడ దాచి నిన్న మధ్యాహ్నం మిక్సీలో వేశా. ఇరవై నిమిషాలు తిప్పినా వెన్న పడలా, నురగ నురగగా అయి జార్ వేడెక్కిపోయింది, చివరికి జిడ్డంతా గిన్నెకి అంటుకుంది. అత్తమ్మ ఒక్క మాట అనలా గానీ ఆ గిన్నె ఆమే తోముకుంది, నాకు ఏడుపొచ్చింది. ఎండల్లో వెన్న ఎట్టా పడుద్ది, మీగడ ఎన్నాళ్లు దాచొచ్చు, నెయ్యి చేదెందుకొస్తాది, మూడూ చెప్పండి.

ఆత్మకూరు అక్క:
పచ్చి మీగడా, తోడు పెట్టిందా? అది చెప్పు ముందు. నేను మొదటిరోజు మీగడలోనే స్పూను పెరుగు కలిపి ఫ్రిజ్‌లో పెడతా, రోజూ దాని మీదే వేసుకుంటా పోతా. తెల్లారి అయిదింటికి లేచి చిలికేస్తా. మధ్యాహ్నం మిక్సీ ఏందమ్మా, అదీ మే నెలలో!

కనిగిరి గేదెలు:
మిక్సీని ఎందుకంటారు, మా ఇంట్లో అయిదేళ్లుగా మిక్సీనే. మాకు ఆరు గేదెలు, కవ్వం పట్టుకుంటే మా ఆవిడ భుజం ఏం కావాల? ఒక్కసారి తిప్పి ఆపాల, మళ్లీ తిప్పాల, ఐసు ముక్కలు వేయాల. అంతే.

గూడూరు పాప:
నేను దుకాణంలో డబ్బా క్రీం రెండు కొని తిప్పా, వెన్న రాలా, డబ్బులు పోయినాయి. డబ్బా మీద ఫ్యాట్ 25 శాతం అని ఉండాది, అది చాలదా?

చిల్లింగ్ సెంటర్ బాబాయి:
24 ఏళ్లు పాల ఫ్యాట్ చూసినోణ్ణి, నా మాట వినండి. కొవ్వు బొట్టు చుట్టూ సన్నటి పొర ఉంటది. చిలికితే ఆ పొర చిరిగి బొట్లు ఒకదానికొకటి అతుక్కుంటాయి, అదే వెన్న. కొవ్వు సగం గడ్డగా సగం మెత్తగా ఉంటేనే అతుకుతాది, మీగడ 12 నుంచి 14 డిగ్రీల్లో ఉండాల. మన ఎండలకి ట్యాంకు నీళ్లే కాగుతుంటే మిక్సీ వేడి కూడా తోడైతే కొవ్వు కరిగి జిడ్డవుద్ది. మరీ గడ్డకట్టినా తొందరగా పడదు, ఆలస్యమవుద్ది. డబ్బా క్రీంలో కొవ్వు తక్కువ, విరక్కుండా కలిపేవి కూడా ఉంటాయి. 35 శాతం పైన ఉంటే తొందరగా పడుద్ది. హోమోజినైజ్ చేసిన, అంటే కొవ్వు బొట్లని నలగ్గొట్టి పాలల్లో కలిపేసిన ప్యాకెట్ పాలకి మీగడ సరిగా కట్టదు, నలిగిన బొట్లు పైకి తేలవు.

అద్దంకి అన్న:
ఇదంతా గేదె పాలకి. అసలైన వెన్న పచ్చగా ఉంటది, ఆవుది. తెల్లగా ఉందంటే నాకు అనుమానమే.

కనిగిరి గేదెలు:
ఏం మాటయ్యా అది? మా గేదె వెన్న తెల్లగానే ఉంటది, మా నాయన తిన్నాడు, మా పిల్లోళ్లు తింటున్నారు. అనుమానం ఉంటే మా ఇంటికొచ్చి దగ్గరుండి చిలుక్కో.

చిల్లింగ్ సెంటర్ బాబాయి:
గడ్డిలో ఉండే కెరోటిన్ అనే పసుపు రంగు పదార్థం ఆవు పాలల్లోకి అట్టానే వస్తాది, అందుకే పసుపు. గేదె దాన్ని విటమిన్ ఏగా మార్చేస్తాది, అందుకే తెలుపు. కల్తీకి రంగుతో సంబంధం లేదు.

అద్దంకి అన్న:
బాబాయ్ చెప్పాడని ఒప్పుకుంటా. కానీ ఒంగోలు ఆవుకి సాటిలేదు, మాది ప్రపంచానికే పోయింది.

నెల్లూరు పెద్దాయన:
బ్రెజిల్‌లో దాన్ని నెలోర్ అంటారు అబ్బయా, మా ఊరి పేరుతో! ఆ పశువులు అక్కడికి పోయిన కాలంలో ఒంగోలు నెల్లూరు జిల్లాలోనే ఉండేది, 1904లో గుంటూరు జిల్లా కట్టినప్పుడు అటు పోయింది, ప్రకాశం 1970లో వచ్చింది.

అద్దంకి అన్న:
పేరు ఎవురిదైనా పశువు మాదే.

ఆత్మకూరు అక్క:
అబ్బాయిలూ, ఆ పిల్ల చేదు గురించి అడిగింది, ఎవురూ చెప్పలా. వెన్నని చల్లనీళ్లలో మూడు నాలుగు సార్లు పిసికి కడగాల, నీళ్లు తేటగా వచ్చేదాకా. మజ్జిగ మిగిలితే కాచేటప్పుడు అడుగంటి మాడుద్ది, చేదు. పచ్చి మీగడ పదిరోజులు ఉంచినా చేదే.

గూడూరు పాప:
మునగాకు వేస్తే పోదా?

ఆత్మకూరు అక్క:
మునగాకు వాసనకే. చేదుని ఏ ఆకూ దాచదు.

కావలి కోడలు:
ఈరోజు తెల్లారి అయిదున్నరకి తోడు పెట్టిన మీగడ తీసి, గ్లాసుడు ఐసు నీళ్లు పోసి, ఆపి ఆపి తిప్పా. ఏడో నిమిషానికి శబ్దం మారింది, గట్టిగా తగుల్తున్నట్టు. మూత తీస్తే పైన చిన్నచిన్న గింజల్లా తేల్తున్నాయి, కింద పల్చటి మజ్జిగ. గబగబా తీసి మూడు నీళ్లు కడిగా. అత్తమ్మ నిమ్మకాయంత ముద్ద చేతిలోకి తీసుకొని, ఉప్పు చల్లి పిల్లోడి నోట్లో పెట్టింది. మిగిలిన మజ్జిగలో అల్లం పచ్చిమిర్చి దంచి వేసుకున్నాం.

కనిగిరి గేదెలు:
ఎంత మీగడకి ఎంత వెన్న వచ్చింది చెల్లె? కొలిచావా?