సుబారు 360 అమెరికాలో దెబ్బతింది: తప్పు బండిదా, తెచ్చినవాళ్లదా?

చక్రపాణి (టెనెసీ):
నిన్న పాత కార్ల ప్రదర్శనలో జపాన్ బుల్లి కారు సుబారు 360, తెల్లది ఒకటి కనబడింది. స్టీరింగ్ ఎడమవైపు ఉంది. అంటే 1968 నుంచి మాల్కమ్ బ్రిక్లిన్, హార్వీ లామ్ ఇక్కడ దింపిన సుమారు 10,000 బండ్లలో ఒకటి అయ్యుండాలి. పక్కనున్న పెద్దాయన దాన్ని చూసి "కారు కాదు, శవపేటిక" అనేశాడు. నేను ఒప్పుకోను. బండి బంగారంలాంటిది, దాన్ని ముంచింది తెచ్చినవాళ్ల ఆత్రం. మీరేమంటారు?

గ్యారేజ్ బాబ్జీ (విజయవాడ):
బంగారమా? తలుపులకి కీళ్లు వెనకవైపు ఉన్నాయన్నా! గడియ సరిగ్గా పడలేదనుకో, పరుగులో ఉండగా గాలికి బార్లా తెరుచుకుంటాయి. ఇంజినేమో 356 సీసీ, టూ స్ట్రోకు. అమెరికాలో వస్తువుల్ని పరీక్షించి రాసే కన్స్యూమర్ రిపోర్ట్స్ పత్రిక వాళ్లు 1969లో నడిపి చూస్తే గంటకు 50 మైళ్లు అందుకోవడానికి 37.5 సెకన్లు పట్టింది. 'ఆమోదయోగ్యం కాదు' అని తేల్చేశారు. ఈలోపు వెనకాల లారీ ఆగుతుందా?

చక్రపాణి:
బాబ్జీ, ఆ లారీ ఎక్కడి లారీ? అమెరికా హైవే మీదది. బండి పుట్టిందేమో 1958 జపాన్‌లో. అక్కడ బుల్లి కార్లకి చట్టం గీసిన గీత 360 సీసీ, 3 మీటర్ల పొడవు, 1.3 మీటర్ల వెడల్పు. అంతలోనే నలుగురు కూర్చోవాలి, మట్టిరోడ్ల మీద తిరగాలి, ధర మామూలు సంసారికి అందాలి. దాన్ని రూపొందించిన ఇంజినీరు షిన్‌రోకు మొమొసె బృందం ఛాసీ లేకుండా బాడీతోనే బలం తెచ్చి, పైకప్పు ఫైబర్‌గ్లాస్‌తో చేసి, మొత్తం బరువు 400 కిలోల లోపే తేల్చింది. 1971 దాకా 3.9 లక్షల పైచిలుకు తయారయ్యాయి. శవపేటికలు అన్నేళ్లపాటు అమ్ముడుపోతాయా?

లలిత (హైదరాబాద్):
చక్రపాణి గారూ, ఆ తక్కువ బరువు దగ్గరే కదా అసలు కథ. 1,000 పౌండ్ల (సుమారు 450 కిలోల) లోపు బండికి అప్పటి అమెరికా భద్రతా ప్రమాణాలు వర్తించేవి కావు. బ్రిక్లిన్‌కి మొదట కన్ను పడింది సుబారు తయారుచేసిన ఫ్యుజి హెవీ కంపెనీ వాళ్ల రాబిట్ స్కూటర్ల మీద. ఆ వెతుకులాటలో ఈ కారు దొరికింది, చట్టంలో సందు దొరికింది. 1,297 డాలర్ల ధర పెట్టి, చవకా వికారమూ అని తామే ప్రకటనలు వేసుకున్నారు. ఆ ప్రకటనలు నాకు భలే నచ్చుతాయి, అది వేరే విషయం.

కానీ తప్పంతా బ్రిక్లిన్ నెత్తినే రుద్దితే ఫ్యుజి హెవీ చేతులు కడిగేసుకున్నట్టే. 1960లోనే వాళ్లు ఇదే బాడీలో 423 సీసీ ఇంజిన్ పెట్టి సుబారు 450 చేశారు. పెద్ద రోడ్లకి ఇంజిన్ చాలదని తెలియనివాళ్లేం కాదు. హోండాని చూడండి. జపాన్‌లో ఎన్360, అమెరికాకి పంపినది మాత్రం 598 సీసీ ఎన్600. అదీ బుల్లి బండే, అయినా ఊరు చూసి ఇంజిన్ మార్చారు.

గ్యారేజ్ బాబ్జీ:
లలితక్కా, ఆ మాటకొస్తే మన మారుతి 800 కూడా అంతే. జపాన్‌లో సుజుకి ఆల్టోకి 543 సీసీ. 1983 డిసెంబర్‌లో మనకొచ్చింది 796 సీసీతో. 543తో వచ్చుంటే నలుగురినీ సామానునీ వేసుకుని ఘాట్ ఎక్కేదా? మా షెడ్డుకి ఇప్పటికీ ఆ తొలి మోడల్ వస్తుంటుంది, ఇంజిన్‌కి వంక పెట్టలేం.

రవి (ఒసాకా):
మధ్యలో దూరుతున్నా, ఏమనుకోకండి. చక్రపాణి గారు స్టీరింగ్ ఒక్కటి చూసి తేల్చేశారు. స్పీడోమీటర్ మైళ్లలో ఉందా, కిలోమీటర్లలోనా? 25 ఏళ్లు దాటిన బండిని ఇప్పుడు ఆ ప్రమాణాలతో పని లేకుండా అమెరికాకి తెచ్చుకోవచ్చు కాబట్టి, జపాన్‌లో తిరిగిన 360లు కూడా అక్కడికి చేరుతున్నాయి. వాటికి స్టీరింగ్ కుడివైపే, కానీ మార్చేవాళ్లు లేకపోలేదు. బాడీ నంబరు, పాత యాజమాన్యపు కాగితాలు చూడకుండా '1969లో డీలరు అమ్మిన బండి' అని ఎవరన్నా అంటే ధర పెంచుకోవడానికే.

అసలు అది 360యేనా? దూరం నుంచి మాజ్డా ఆర్360 చూసి పొరబడేవాళ్లున్నారు. ఆర్360 కూపే, తలుపుల కీళ్లు ముందువైపు, ఇంజిన్ ఫోర్ స్ట్రోక్ వీ-ట్విన్. స్టార్ట్ చేయిస్తే కళ్లు మూసుకుని చెప్పొచ్చు, సుబారు అయితే టూ స్ట్రోక్ మోత, నీలం పొగ. ఇంకో గందరగోళం ఫ్యుజి కేబిన్. 1955 నాటి మూడు చక్రాల ఫైబర్‌గ్లాస్ బండి, చేసింది 85 మాత్రమే, డిజైన్ ర్యూయిచి తొమియాది. పేరు చూసి దాన్ని సుబారు తాతగారిగా అమ్మకాల ప్రకటనల్లో రాస్తుంటారు. అది వేరే ఫ్యుజి కంపెనీ, సుబారుతో చుట్టరికం లేదు.

చక్రపాణి:
స్పీడోమీటర్ మైళ్లలోనే ఉంది రవి గారూ, ఫొటో తీశాను. బాడీ నంబరు యజమానిని అడుగుతాను. లలిత గారూ, ఫ్యుజిది కూడా తప్పే, సరే. అయితే అది అమ్మకంలో తప్పు, తయారీలో కాదు. అమ్ముడుపోని 360లని బ్రిక్లిన్ తర్వాత ఫాస్‌ట్రాక్ అని అద్దె రేసు ట్రాకులు పెట్టి తిప్పించాడు. అదే మనిషి 1985లో యుగోస్లావియా చవక కారు యూగో తెచ్చాడు, అదీ నవ్వులపాలైంది. వరస చూస్తే తెలియడం లేదా?

లలిత:
అదే మనిషి మొదలుపెట్టిన దిగుమతి కంపెనీ సుబారు ఆఫ్ అమెరికానే, సుబారు వాళ్ల పెద్ద కారు ఎఫ్ఎఫ్-1 వచ్చాక నిలబడింది. బ్రిక్లిన్ అమ్మాడు కాబట్టి మునిగిందంటే, సరైన బండి వచ్చాక అదే దుకాణం ఎలా తేలింది?

గ్యారేజ్ బాబ్జీ:
నా తలుపుల సంగతి అందరూ దాటేశారు. ఫ్యుజి 1969లో 360 తర్వాతి బండి ఆర్-2 చేసినప్పుడు తలుపుల కీళ్లు ముందుకి మార్చింది. తయారీలో లోపం లేకపోతే ఎందుకు మార్చినట్టన్నా?