అప్‌డేట్: ఓపెన్ ఇయర్ బడ్స్‌లో ఎడమవైపు సౌండ్ తక్కువ, సాల్వ్ అయింది

కొత్త ఓపెన్ ఇయర్ బడ్స్‌లో (చెవి రంధ్రం మూయకుండా బయటే ఉండే ఇయర్‌ఫోన్స్) ఎడమవైపు సౌండ్ బాగా తక్కువగా వస్తోందని ఇక్కడ అడిగాను కదండీ, రిప్లై ఇచ్చిన అందరికీ థాంక్స్. రీసెట్, యాప్ అప్‌డేట్, ఫోన్‌లో లెఫ్ట్ రైట్ బ్యాలెన్స్, బడ్స్ మీది జాలీని మెత్తటి బ్రష్‌తో తుడవడం అన్నీ చేశాను, దేనికీ తేడా రాలేదు.

పనికొచ్చింది "ఇంకొకరి చెవికి పెట్టి చూడండి" అన్న సలహా. మా తమ్ముడికి పెడితే రెండువైపులా సమానంగానే ఉందన్నాడు, అంటే బడ్స్ బానే ఉన్నాయి. ఇక్కడే విజయనగరంలో ఈఎన్‌టీ డాక్టర్ గారికి చూపిస్తే ఎడమ చెవిలో గుబిలి గట్టిపడి దారి మూసేసిందన్నారు, ముందు మెత్తబడ్డానికి చుక్కలు రాసి, మళ్లీ రమ్మని సక్షన్ పెట్టి తీశారు, నల్లగా చింతగింజంత ముక్క వచ్చింది! చెవిలో దూది పుల్లలు పెట్టి తిప్పితే అది ఇంకా లోపలికి పోతుందట, దయచేసి ఎవరూ పెట్టకండి.

ఇప్పుడు ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర నడుస్తున్నా ఆటో హారనూ వినిపిస్తోంది, ఫోన్‌లో అమ్మ మాటా వినిపిస్తోంది, నేను ఇవి కొన్నదే అందుకు. శ్రీకాకుళం బస్సెక్కితే మాత్రం ఇంజన్ మోతలో సరిగా వినపడవు, చెవిని మూయని రకం కాబట్టి అది ఉండేదే, దానికోసం వాల్యూమ్ పెంచేయొద్దు.