అప్‌డేట్: మేకలు బెరడు కొరికిన జామచెట్టు

మేకలు మా పెరటి జామచెట్టు మొదట్లో బెరడును చుట్టూ కొరికేశాయి, అయినా ఆకులు పచ్చగానే ఉన్నాయి, చెట్టు బతికినట్టేనా అని అడిగాను కదా. ఆకులు పచ్చగా ఉన్నంత మాత్రాన గండం గడిచినట్టు కాదని, గాయం పైన బెరడు ఉబ్బుతుందని మీరు చెప్పినట్టే జరుగుతోంది. గాయానికి పై అంచున బెరడు వేలు మందాన ఉబ్బి గట్టిపడింది. కింది అంచు మాత్రం ఎండి పగిలింది. ఆకులు తయారుచేసిన చక్కెర బెరడులోని పోషక కణజాలం గుండా కిందికి దిగాలి, దారి తెగింది కాబట్టి అక్కడే ఆగిపోయింది. నీళ్లు ఎక్కేది లోపలి కర్రలో, అంటే దారువులో. దానికి దెబ్బ తగల్లేదు. ఆకుల నుంచి నీరు ఆవిరవుతుంటే ఆ లాగుడుకే వేర్ల దగ్గరి నీరు పైకి వస్తుంది. మనకున్నట్టు గుండె అక్కర్లేదు.

నాకు భలే నచ్చింది మీరు చెప్పిన ఇటలీ శాస్త్రవేత్త మాల్పీజీ సంగతి. 1661లో కప్ప ఊపిరితిత్తుల్లో రక్తకేశనాళికలు, అంటే అతి సన్నని రక్తనాళాలు చూసింది ఆయనే, చెట్ల బెరడు ఉంగరంలా ఒలిచి ఈ ఉబ్బు గమనించిందీ ఆయనే! మన రక్తం ఆ కేశనాళికలు దాటి మళ్లీ గుండెకే చేరుతుంది. ఆకుల్లోకి ఎక్కిన నీటిలో చాలా భాగం మాత్రం తిరిగి రాదు, గాలిలో కలిసిపోతుంది.

చెట్టు గురించి టెన్షన్ ఇంకా పోలేదు. వేర్లు ఇన్నాళ్లూ దాచుకున్న పిండిపదార్థం మీదే నడుస్తున్నాయి, అది అయిపోతే కష్టమే. నర్సరీ అతను అదే చెట్టు లేత కొమ్మలు కోసి, గాయానికి పైనా కిందా కలిసేలా నిలువుగా అంటుకట్టాడు. కొమ్మని తలకిందులుగా పెట్టకూడదట. ఒకటి రెండు పట్టినట్టే ఉన్నాయి. చుట్టూ ముళ్లకంప కూడా వేశాం.