ఉద్దానం కిడ్నీ లెక్కలు: క్యాంపులో ఒకటి, సర్వేలో ఒకటి, రిజిస్టర్లో ఇంకొకటి. ఏది నమ్మాలి?

సోంపేట_రైల్‌గేటు:
అందరికీ నమస్కారం. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోని మా పంచాయతీ కుర్రాళ్లం కలిసి ఊళ్లో కిడ్నీ జబ్బు ఎంతమందికి ఉందో తేల్చాలనుకుంటున్నాం. పాత కాగితాలు చూస్తే తల తిరిగిపోతోంది. క్యాంపు లెక్క చాలా ఎక్కువ. ఇంటింటి సర్వే లెక్క అందులో సగం కూడా లేదు. మరణాల రిజిస్టర్లో కిడ్నీ అన్న మాటే అరుదు. పైగా ‘ఏటేటా రోగులు పెరుగుతున్నారు’ అంటున్నారు. జబ్బు పెరుగుతోందా, లెక్క పెరుగుతోందా? ఊళ్లో పెద్దవాళ్లు సుమారు 1,500 మంది ఉంటారు. అందరికీ రక్తపరీక్ష చేయించే డబ్బు లేదు. ఎంతమందికి చేస్తే సరిపోతుంది?

హారం_ముఖ్యం:
ముందు ఒక్క మాట. ఏ శాతం చూసినా ‘ఎంతమందిలో?’ అని అడగండి. క్యాంపుకి వచ్చేది కాళ్లు వాచినవాళ్లు, ఇంట్లో ఒకరికి జబ్బున్నవాళ్లు, భయపడినవాళ్లు. ఆ శాతం ‘క్యాంపుకి వచ్చినవాళ్లలో’ మాత్రమే నిజం, ఊరికి అంటగట్టకూడదు. ఇంటింటి సర్వేది తిరగబడ్డ తప్పు. పదకొండు గంటలకి తలుపు తడితే పలాస జీడిపప్పు బట్టీలకీ, కొబ్బరి తోటలకీ, సముద్రం మీదకీ వెళ్లినవాళ్లు దొరకరు. దొరికినవాళ్లనే రాసుకుంటే, ఎండలో పనిచేసే మగవాళ్లే లెక్కలోంచి జారిపోతారు. ఉద్దానంలో అసలు చూడాల్సింది వాళ్లనే.

ఇక పెరుగుదల సంగతి. ఈ రోజున జబ్బుతో ఉన్నవాళ్ల వాటా ప్రివలెన్స్. ఏడాదిలో కొత్తగా జబ్బు పడ్డవాళ్ల రేటు ఇన్సిడెన్స్. పరిస్థితి నిలకడగా, జబ్బు మరీ విస్తారంగా లేనిచోట, మొదటిది దాదాపుగా రెండోదాన్ని జబ్బుతో బతికే ఏళ్లతో గుణిస్తే వచ్చేంత. ఊహకి ఒక లెక్క: వెయ్యిమందికి ఏటా 4 కొత్త కేసులు, రోగి సగటున 5 ఏళ్లు బతుకుతాడు అనుకోండి, ప్రివలెన్స్ వెయ్యికి 20. డయాలసిస్ దగ్గరలో దొరికి 10 ఏళ్లు బతికితే 40కి చేరుతుంది. కొత్త కేసు ఒక్కటీ పెరగలేదు, ‘రోగులు రెట్టింపు’ అని పేపర్లో వస్తుంది. నిజానికది మంచి వార్త! కొత్త కేసులు తెలియాలంటే ఒకసారి సర్వే చాలదు. జబ్బు లేనివాళ్ల జాబితా రాసుకుని, వాళ్లనే ఏడాదికోసారి చూడాలి.

వయసు మరో బోను. 50 ఏళ్ల లోపు 5 శాతానికి, పైవాళ్లలో 25 శాతానికి జబ్బు ఉందనుకుందాం, రెండు ఊళ్లలోనూ అంతే. ఒక ఊళ్లో కుర్రాళ్లు చెన్నై, హైదరాబాదు వలసపోయారు: వెయ్యిలో 400 చిన్న, 600 పెద్ద. మొత్తం 17 శాతం. రెండో ఊళ్లో 700, 300 అయితే 11 శాతం. జబ్బు తేడా సున్నా. అందుకే వయసు వారీగా విడగొట్టి, రెండింటికీ ఒకే వయసు కూర్పు పెట్టి లెక్కించాకే పక్క ఊరితో పోల్చాలి.

గళ్లనుడి:
శాంపిల్ లెక్క నేను చెబుతా. 15 శాతం ఉంటుందని అంచనా, అటూఇటూ 3 శాతం తేడా ఒప్పుకుంటే: 4 × 0.15 × 0.85 ÷ (0.03 × 0.03) = 567. మీ ఊళ్లో 1,500 మందే కనుక సవరణ వేస్తే 411. ఇది ఒక్క ఊరికే సుమండీ. మండలం మొత్తానికైతే ఊళ్లను గుత్తులుగా ఎంచాలి. ఒకే ఊరివాళ్లు ఒకలాగే ఉంటారు కనుక 567ని రెట్టింపు చేసి, పది శాతం మంది రారనుకుని 0.9తో భాగిస్తే 1,260.

ఎంపిక ఓటరు జాబితాతో వద్దు, చనిపోయినవాళ్లూ వలసపోయినవాళ్లూ అందులోనే ఉంటారు. ఊరి పటం గీసి, నివాసముండే పెద్దవాళ్ల పేర్లన్నీ మీరే రాసి వరుస నంబర్లు వేయండి. ప్రతి మూడో పేరు, మొదటిది చీటీ తీసి. దీనితో 500 మంది వస్తారు, కొందరు తప్పుకున్నా 411 నిలుస్తారు. తాళం ఉంటే పక్కింటివాళ్లతో సరిపెట్టుకోకండి, సర్వేలు పాడయ్యేది ఇక్కడే. మూడుసార్లు తిరగండి, అందులో ఒకటి సాయంత్రం, ఒకటి ఆదివారం. అయినా దొరకకపోతే ‘దొరకలేదు’ అని వయసు, ఆడా మగా సహా రాసిపెట్టండి.

సీరం_బుడ్డి:
ల్యాబు వైపు నుంచి. రక్తంలో క్రియాటినిన్ (కండ నుంచి వచ్చే వ్యర్థం, కిడ్నీ వడపోసేది) 1.2 దాటితే జబ్బు అని కొందరు గీత గీస్తారు, అది తప్పుదారి. వయసు, ఆడా మగా కూడా చూసే 2021 సీకేడీ-ఈపీఐ సూత్రంలో అదే 1.2 పెట్టండి: 25 ఏళ్ల కుర్రాడికి ఈజీఎఫ్ఆర్ (కిడ్నీ వడపోత వేగం అంచనా) 86 వస్తుంది, 60 ఏళ్ల ఆవిడకి 52. ఒకరికి ఈజీఎఫ్ఆర్‌లో దోషం లేదు, ఒకరు జబ్బు అనుమానించే 60 గీత కిందకి పోయారు. కండ తక్కువ ఉన్న బక్కపల్చని మనిషిలో జబ్బున్నా క్రియాటినిన్ మామూలుగా కనిపించొచ్చు, అదీ గుర్తుంచుకోండి.

మూత్రంలో స్ట్రిప్ (ప్రోటీన్ ఉంటే రంగు మారే పట్టీ) ఒక్కటే ముంచి వదిలేయొద్దు. ఉద్దానంలో కనిపించే రకంలో ప్రోటీన్ పోవడం తక్కువ, స్ట్రిప్ తేటగా ఉంటుంది, కిడ్నీ మాత్రం పోతూ ఉంటుంది. మూత్రంలో ఆల్బుమిన్ (ఒక ప్రోటీన్)-క్రియాటినిన్ నిష్పత్తి చేయించగలిగితే గ్రాము క్రియాటినిన్‌కి 30 మిల్లీగ్రాముల ఆల్బుమిన్ దాటినవి పట్టుకోండి.

రక్తం ఉదయాన్నే, పొలానికి వెళ్లకముందు తీయండి. ముందురాత్రి మాంసం వద్దని చెప్పండి, ఉడికిన మాంసం క్రియాటినిన్ పెంచుతుంది. అరగంట గడ్డకట్టనిచ్చి, రెండు గంటల్లోపు సీరం వేరుచేసి ఐసు డబ్బాలో పెట్టాలి. అన్నీ ఒకే ల్యాబులో, ఒకే పద్ధతిలో. జాఫే పద్ధతి ఒకచోట, ఎంజైమ్ పద్ధతి ఇంకోచోట చేయించి పోల్చితే తేడా మనుషులది కాదు, మిషన్లది.

ఇంకోటి, ఒక్క పరీక్షతో సీకేడీ (దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు) అనకండి. మూడు నెలలు దాటాక మళ్లీ తేలాలి. ఎండలో నీళ్లు తాగకుండా పనిచేసినవాళ్లకి ఓ రోజు పెరిగి మళ్లీ దిగొచ్చు. రెండోసారి రానివాళ్లని ‘జబ్బు ఉంది’లోనూ కలపొద్దు, ‘లేదు’లోనూ కలపొద్దు. విడిగా చూపండి.

సోంపేట_రైల్‌గేటు:
చాలా చాలా థాంక్సండి. మరి రిజిస్టర్లో మరణాలు ఎందుకు కనపడవు?

ఫారం4_పరిశీలకుడు:
ఏటంటే బాబూ, మరణం ఎక్కడ జరిగితే అక్కడే నమోదవుతుంది. 1969 జనన మరణాల నమోదు చట్టం సంగతి అది. మీ ఊరి మనిషి విశాఖలోనో బరంపురంలోనో ప్రాణం విడిస్తే మీ పంచాయతీ రిజిస్టర్లో ఉండడు. ఇంట్లో పోయినవాళ్లకి మరణ కారణ పత్రం, అంటే ఫారం 4-ఎ, డాక్టరు రాయాలి, చూసిన డాక్టరే లేకపోతే కారణం గడి ఖాళీ. ఆసుపత్రిలో ఫారం 4లో ‘గుండె ఆగింది’ అని రాసేస్తే కారణం చెప్పినట్టు కాదు, పోయినవాళ్లందరికీ గుండె ఆగుతుంది. మొదటి భాగంలో పైన తక్షణ కారణం, చివరి వరుసలో మూలకారణం రావాలి. దీర్ఘకాలిక కిడ్నీ జబ్బుకి ఐసీడీ-10లో (జబ్బుల అంతర్జాతీయ కోడ్ పట్టిక) కోడ్ ఎన్18. ఆ మూలకారణం రాయకపోతే కోడింగ్‌లో అది పోతుంది. ఇంటి మరణాలకి కుటుంబాన్ని పద్ధతిగా ప్రశ్నించి కారణం అంచనా కట్టే వెర్బల్ అటాప్సీ చేయండి, ఎంత ఆలస్యమైతే అంత మరిచిపోతారు.

చిన్న ఊరి అంకెతో జాగ్రత్త. ఏడాదికి 4 మరణాలంటే, అసలు రేటు 1 నుంచి 10 దాకా ఎక్కడైనా ఉండొచ్చు. వచ్చే ఏడు 8 అయితే గగ్గోలు పెట్టకండి, మూడు నాలుగేళ్లు కలిపి చూడండి.

జిల్లా రేటు పాత దానితో పోల్చేటప్పుడు ఇంకో మెలిక ఉంది. 2022 ఏప్రిల్ 4న పాలకొండ, సీతంపేట పార్వతీపురం మన్యం జిల్లాకి, రాజాం విజయనగరం జిల్లాకి పోయాయి. 2011 జనగణనలోని 27 లక్షల శ్రీకాకుళం ఇప్పుడు లేదు. కొత్త జిల్లా మరణాల్ని పాత జనాభాతో భాగిస్తే జబ్బు ఒక్కసారిగా తగ్గినట్టు కనిపిస్తుంది.